స్ట్రింగ్‌లో మన సబ్‌కమాండ్: టిసిఎల్ ఎన్‌సెంబుల్ మ్యాప్‌పై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

టిసిఎల్ అనే స్క్రిప్టింగ్ భాషలో "స్ట్రింగ్" లాంటి భాష సొంత కమాండ్లకి మన సబ్‌కమాండ్లను (కమాండ్ తర్వాత రాసే పని పేర్లను) కూడా చేర్చుకోవచ్చు. అలా ఒకటి చేర్చాక, "స్ట్రింగ్" తర్వాత లేని సబ్‌కమాండ్ ఏదో ఒకటి కొట్టి చూడండి. ఎర్రర్ ఇస్తూనే, ఉన్న సబ్‌కమాండ్ల పేర్లన్నీ వరసగా చెబుతుంది. మనం చేర్చిన పేరు కూడా లెంగ్త్, రేంజ్, ట్రిమ్‌లతో పాటు ఆ వరసలోనే కనిపిస్తుంది. ఆర్గ్యుమెంట్లు తక్కువైతే వచ్చే మెసేజ్‌లోనూ లోపలున్న ప్రాక్ (మనం రాసిన ప్రొసీజర్) పేరు రాదు, "స్ట్రింగ్" తర్వాత మన సబ్‌కమాండ్ పేరే వస్తుంది. అంటే భాష మన కమాండ్‌ను తన కమాండ్లలో ఒకటిగానే చూస్తోంది. నాకు ఈ సౌకర్యం అంతగా నచ్చడానికి కారణం ఇదే.

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు చిప్ డిజైన్ చేసేవాళ్లకి టిసిఎల్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. సింథసిస్ దగ్గర్నుంచి టైమింగ్ దాకా టూల్స్ అన్నీ దాని మీదే నడుస్తాయి. ప్రతి టీమ్‌లోనూ ఒక యుటిలిటీ ఫైల్ ఉంటుంది, అందులో ఎవరెప్పుడు రాశారో తెలియని ప్రాక్‌లు వందల్లో ఉంటాయి. డిక్షనరీలో (కీ, విలువల జతల పట్టికలో) కీ లేకపోతే డిఫాల్ట్ విలువ ఇచ్చే ప్రాక్ ఒక్కటే నాలుగు పేర్లతో ఉండొచ్చు. దాన్ని డిక్షనరీల కమాండ్ "డిక్ట్" కిందే పెడితే వెతుక్కోవాల్సిన పని ఉండదు.

చేసే పద్ధతి చిన్నది. 2007 చివర్లో వచ్చిన 8.5 వెర్షన్ నుంచి స్ట్రింగ్, డిక్ట్, ఇన్ఫో లాంటివి ఎన్‌సెంబుల్స్, అంటే సబ్‌కమాండ్ల గుంపును ఒకే పేరు కింద నడిపే కమాండ్లు. వాటి లోపల ఒక మ్యాప్ ఉంటుంది. అందులో కీ సబ్‌కమాండ్ పేరు, విలువ దాన్ని నడిపే కమాండ్ పూర్తి పేరు. "నేమ్‌స్పేస్ ఎన్‌సెంబుల్ కాన్ఫిగర్ స్ట్రింగ్ -మ్యాప్" అని విలువ ఇవ్వకుండా పిలిస్తే ఆ డిక్షనరీ చేతికొస్తుంది. దాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, "డిక్ట్ సెట్"తో మన పేరు చేర్చి, అదే కాన్ఫిగర్‌తో తిరిగి రాయాలి. మొత్తం మూడు లైన్లు.

ఆ మూడింటిలో మొదటిది వదిలేసి, మన ఒక్క ఎంట్రీతోనే మ్యాప్ రాసేస్తే మాత్రం పాత సబ్‌కమాండ్లన్నీ పోతాయి. ఆపైన "స్ట్రింగ్ లెంగ్త్" అడిగినా మన పేరు ఒక్కటే చూపించి, అదే వాడాలంటుంది. టిసిఎల్ సొంత లైబ్రరీ ప్రాక్‌లు కూడా స్ట్రింగ్‌ను వాడతాయి కాబట్టి సంబంధం లేని చోట్ల వింత ఎర్రర్లు మొదలవుతాయి. సెషన్ మూసేయక్కర్లేదు. అసలు కమాండ్లు "::టిసిఎల్::స్ట్రింగ్" నేమ్‌స్పేస్‌లో (పేర్లు ఢీకొట్టకుండా విడిగా ఉంచే చోటులో) చెక్కుచెదరకుండా ఉంటాయి. "ఇన్ఫో కమాండ్స్"తో వాటి జాబితా తీసి, ఒక్కో పేరు చివరి భాగాన్ని కీగా పెట్టి మ్యాప్ మళ్లీ కట్టుకోవచ్చు. తుడిచిపెట్టింది డిక్ట్ మ్యాప్‌నే అయితే "డిక్ట్ సెట్" కూడా పనిచేయదు. అప్పుడు "::టిసిఎల్::డిక్ట్::సెట్"ను నేరుగా పిలవాలి.

ప్రాక్ ఎక్కడ రాయాలన్నది ఇంకో సంగతి. అసలువి ఉన్న "::టిసిఎల్::డిక్ట్"లోనే మనదీ పెడదామనిపిస్తుంది. పెట్టకండి. ఆ నేమ్‌స్పేస్‌లో సెట్, ఇంక్ర్, అపెండ్, ఇన్ఫో అన్న పేర్లతో డిక్ట్ సబ్‌కమాండ్లు ఉన్నాయి. అక్కడ రాసిన ప్రాక్‌లో మామూలుగా వేరియబుల్‌కి విలువ ఇవ్వబోతే, టిసిఎల్ పేరును ముందు ఆ నేమ్‌స్పేస్‌లోనే వెతుకుతుంది కాబట్టి డిక్ట్ సెట్ నడుస్తుంది. సెట్, పెంపు విలువ ఇవ్వని ఇంక్ర్ అయితే ఆర్గ్యుమెంట్ల లెక్క తప్పిందని వెంటనే అరుస్తాయి. అపెండ్ అయితే అరవకుండా వేరియబుల్‌ను డిక్షనరీగా మార్చేసే ప్రమాదం ఉంది. మన ప్రాక్‌లకి వేరే నేమ్‌స్పేస్ పెట్టుకుని, మ్యాప్‌లో ముందున్న రెండు కోలన్లతో సహా పూర్తి పేరు రాయాలి. పిలిచినవాళ్ల వేరియబుల్ ముట్టుకోవాలంటే "అప్‌వార్ 1" చాలు. ఎన్‌సెంబుల్ మధ్యలో అదనపు లెవెల్ ఏదీ చేర్చదు.

ఇక అసలు దెబ్బ. ఎన్‌సెంబుల్స్ మామూలుగా సబ్‌కమాండ్ పేరును పూర్తిగా రాయనక్కర్లేదంటాయి. మొదటి కొన్ని అక్షరాలు వేరే దేనితోనూ కలవకపోతే చాలు. అందుకే పాత స్క్రిప్టుల్లో "స్ట్రింగ్ ఈక్వల్" బదులు మొదటి రెండు అక్షరాలే రాసినవి, లెంగ్త్‌ను మూడక్షరాలకి కుదించినవి బోలెడు. ఇప్పుడు మనం చిన్న పెద్ద అక్షరాల తేడా చూడకుండా పోల్చే "ఈక్వల్‌ఫోల్డ్" చేర్చామనుకోండి. "ఈక్వల్" అని పూర్తిగా రాసిన చోట ఏమీ కాదు, సరిగ్గా కలిసిన పేరుకే మొదటి హక్కు. కుదించి రాసిన ప్రతి చోటా మాత్రం ఆ పేరు ఇప్పుడు రెండింటికీ సరిపోతుంది, కాబట్టి ఎర్రర్.

ఆ ఎర్రర్ లోడ్ చేసినప్పుడు రాదు. ఆ లైను నడిచినప్పుడే వస్తుంది. సాయంత్రం వేసిన రన్ ప్లేస్‌మెంట్, క్లాక్ ట్రీ, రూటింగ్ అన్నీ దాటి, చివర రిపోర్టు రాసే ప్రాక్‌లో ఎవరూ ముట్టుకోని ఒక ఇఫ్ కొమ్మలోకి వెళ్లాక పడిపోతుంది. రాత్రంతా పోయినట్టే. పైగా ఎర్రర్ చూపించే ఫైలు పాతది, దాన్ని ఏళ్లుగా ఎవరూ మార్చలేదు, కాబట్టి తప్పు కొత్తగా చేర్చిన సబ్‌కమాండ్‌ది అని తట్టడానికి మరో పూట పడుతుంది. భాష కూడా ఇదే పని చేసింది. 8.6లో "ఇన్ఫో ఎర్రర్‌స్టాక్" రావడంతో, ఎగ్జిస్ట్స్‌ను ఒక్క అక్షరంతో రాసినవాళ్ల కోడ్ ఆగిపోయింది.

ముందే పట్టుకోవాలంటే టెస్ట్ రన్‌లో "-ప్రిఫిక్సెస్ 0" అని కాన్ఫిగర్ చేస్తే కుదింపులన్నీ ఎర్రర్లవుతాయి. అదీ నడిచిన లైన్లకే పరిమితం. వెండర్ టూల్ (బయటి కంపెనీ అమ్మే డిజైన్ టూల్) లోపల దాన్ని అలా వదిలేయకూడదు, టూల్ సొంత స్క్రిప్టుల్లో ఎవరు ఏం కుదించారో మనకి తెలియదు. స్క్రిప్టులన్నింటిలో "స్ట్రింగ్" తర్వాతి మాటను తీసి, మ్యాప్ కీలతో పోల్చి, పూర్తిగా కలవనివి ఏరడమే నమ్మదగిన దారి.

ఇదంతా తప్పించే ఉపాయం ఒకటి అనుకోకుండా దొరికింది. మ్యాప్ కీ ఏ స్ట్రింగ్ అయినా కావచ్చు, తెలుగులో కూడా. "స్ట్రింగ్ అక్షరాలు" అని సబ్‌కమాండ్ పెట్టొచ్చు. తెలుగు అక్షరంతో మొదలయ్యే పేరు ఏ కుదింపుతోనూ తగాదా పడదు, రేపు భాషలోకి వచ్చే కొత్త సబ్‌కమాండ్‌తోనూ ఢీకొట్టదు. ఎర్రర్ మెసేజ్ జాబితాలో చివరన తెలుగు పేరు కనిపించినప్పుడు కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను.

ఆ సబ్‌కమాండ్‌కి పని కూడా ఉంది. "స్ట్రింగ్ లెంగ్త్" లెక్కపెట్టేది కోడ్ పాయింట్లను, అంటే యూనికోడ్‌లో విడివిడిగా నంబరున్న గుర్తులను. "హైదరాబాద్" ఇస్తే 9 అంటుంది, మనం చదివే అక్షరాలు 5. అక్షరాల లెక్కకి మూడు "రెగ్‌సబ్"లు (నమూనాకి సరిపోయిన ముక్కను మార్చే కమాండ్) చాలు. మొదటిది పొల్లును, దాని వెంట [క-హ] మధ్య హల్లు ఉంటే దానితో సహా తీసేస్తుంది. రెండోది గుణింతపు గుర్తులను, అరసున్నను, సున్నను, విసర్గను తీసేస్తుంది. మూడోది పొల్లు తర్వాత కంటికి కనపడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తీసేస్తుంది. మిగిలిన దాని లెంగ్తే అక్షరాల సంఖ్య. "అమ్మ" 2, "స్త్రీ" 1 వస్తాయి. మూడోది మరిచిపోతే "సాఫ్ట్‌వేర్" లాంటి ఇంగ్లిష్ మాటల లెక్క ఒకటి ఎక్కువ వస్తుంది.

అయితే తెలుగు పేరును మెచ్చుకున్నంత సులభంగా అందరికీ సిఫారసు చేయలేను. 8.6లో ఫైలును మామూలుగా సోర్స్ చేస్తే (చదివించి నడిపిస్తే) సిస్టమ్ ఎన్‌కోడింగ్‌తో చదువుతుంది. డెస్క్‌టాప్‌లో అది యుటిఎఫ్-8, పనిచేస్తుంది. జాబ్ వెళ్లే సర్వర్‌లో లోకేల్ (భాషా సెట్టింగ్) "సి"గా ఉంటే అదే ఫైలు వేరేలా చదవబడుతుంది. సబ్‌కమాండ్ చేర్చే ఫైలును "-ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8"తో చదివి, దాన్ని పిలిచే స్క్రిప్టును మామూలుగా చదివితే రెండు పేర్లూ కలవవు. లాగ్‌లో తెలుగు చోట ప్రశ్నార్థకాలు పడతాయి. 9.0లో సోర్స్ డిఫాల్ట్‌గా యుటిఎఫ్-8 అయింది కాబట్టి ఆ సగం బాధ తీరింది. తెలుగు టైపు చేయని సహోద్యోగులున్న టీమ్‌లో ఇంగ్లిష్ పేరునే పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం మేలు. పేర్లలో చిన్న పెద్ద అక్షరాలు వేరువేరు, భాష సొంత సబ్‌కమాండ్లు చిన్న అక్షరాలతోనే మొదలవుతాయి.

పేరు ఢీకొట్టడం ఊహించిన ఇబ్బంది కాదు. డిఫాల్ట్ విలువ ఇచ్చే "డిక్ట్ గెట్‌డెఫ్" 2024లో వచ్చిన 9.0లో భాషలోనే చేరింది. అందులో డిక్షనరీ, ఆపైన ఒకటో అంతకన్నా ఎక్కువో కీలు, చివర డిఫాల్ట్. అదే పేరుతో డిఫాల్ట్‌ను ముందు పెట్టి రాసుకున్నవాళ్లు 9.0కి వెళ్తే అసలుదాన్ని తామే మరుగున పడేస్తారు, 9.0 కోసం రాసిన వేరే ప్యాకేజీలు వాటి తప్పు లేకుండా చెడతాయి. చేర్చే ముందు మ్యాప్‌లో ఆ కీ ఉందేమో చూడాలి, ఉంటే చేర్చకూడదు, మన ఆర్గ్యుమెంట్ల వరస భాషదే కావాలి. ఇంకో సన్నని తేడా: "డిక్ట్ ఎగ్జిస్ట్స్"తో పరీక్షించే మన రూపం, ఇచ్చింది అసలు డిక్షనరీయే కాకపోయినా నోరు మూసుకుని డిఫాల్ట్ ఇస్తుంది. భాషది ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి నేను మొదట చెప్పిన మూడు లైన్లు నిజానికి ఐదారు.

అన్ని కమాండ్లకూ ఇది కుదరదు. ఫైల్, అర్రే 8.6లోనే ఎన్‌సెంబుల్స్ అయ్యాయి. టూల్ లోపల 8.5 ఉంటే "నేమ్‌స్పేస్ ఎన్‌సెంబుల్ ఎగ్జిస్ట్స్" సున్నా ఇస్తుంది. అప్పుడు అసలు కమాండ్‌కి పేరు మార్చి, పాత పేరుతో కొత్త ఎన్‌సెంబుల్ కట్టి, "-అన్‌నోన్" హ్యాండ్లర్ ద్వారా మిగతావన్నీ పాతదానికి పంపాలి, "-ప్రిఫిక్సెస్ 0" తప్పక పెట్టాలి. చేయొచ్చు గానీ, ఫైల్ లాంటి కమాండ్‌కి ఆ పని వెండర్ టూల్‌లో చేయమని ఎవరికీ చెప్పను. చేర్పు ఏ ఇంటర్‌ప్రెటర్‌లో (స్క్రిప్టును నడిపే యంత్రాంగంలో) చేస్తే అక్కడికే. చైల్డ్ ఇంటర్‌ప్రెటర్‌కి, వేరే థ్రెడ్‌కి మళ్లీ చేయాలి. స్ట్రింగ్, డిక్ట్ లాంటి వాటి మ్యాప్ మార్చినప్పుడల్లా అప్పటికి బైట్‌కోడ్‌గా (త్వరగా నడిచే లోపలి రూపంలోకి) మారిన ప్రాక్‌లు మళ్లీ కంపైల్ కావాలి, అందుకే చేర్పులన్నీ మొదట్లో ఒక్కసారే పెట్టాలి, లూపులో కాదు.

స్క్రిప్టులన్నీ మీ చేతిలో ఉండి, 8.6 లేదా 9.0 వాడుతుంటే నిశ్చింతగా వాడండి. పది టీమ్‌లు ఒకే సెషన్‌లో సోర్స్ చేసే ఫ్లో అయితే సొంత ఎన్‌సెంబుల్ ఒకటి వేరే పేరుతో కట్టుకుని, స్ట్రింగ్‌ను, డిక్ట్‌ను వాటి మానాన వదిలేయడమే నా పద్ధతి. సొంత ఎన్‌సెంబుల్‌లోనూ ఆ ఎర్రర్ మెసేజ్ అలాగే వస్తుంది.