ఫ్రిస్కో నుంచి రౌండ్ రాక్ దాకా: రేంజర్స్ కుర్రాళ్ళ కోసం ఒక వారం

2025 జులైలో నేను, మా అబ్బాయి, గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా మామగారు, ముగ్గురం కలిసి టెక్సస్ వెళ్ళొచ్చాం. అక్కడ మా తోడల్లుడు వాళ్ళు ఉంటారు కాబట్టి చుట్టపుచూపుగా వెళ్ళామని అందరూ అనుకున్నారు. వాళ్ళనూ చూశాం గానీ, నేను ఫ్లైట్ టికెట్లు కొన్నది మాత్రం బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ కింది జట్లలో ఆడుతున్న పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లల ఆట దగ్గర నుంచి చూడాలని.

మేము ఇదివరకు ఇర్వింగ్‌లో తొమ్మిదేళ్ళు ఉన్నాం, ఇప్పుడు ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటున్నాం. ఊరు మారినా జట్టు మారలేదు. 2023 నవంబరు 1న రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్, గెలిచిన రాత్రి మా వాడు నా భుజాల మీద ఎక్కి కూర్చున్నాడు, అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ఆ జట్టులో ఇవాన్ కార్టర్ అనే కుర్రాడు ఉన్నాడు. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే 2020 డ్రాఫ్ట్‌లో 50వ పేరుగా రేంజర్స్ అతన్ని పిలిచినప్పుడు టీవీలో విశ్లేషకులకే అతనెవరో సరిగ్గా తెలియలేదు. 2023 సెప్టెంబరు 8న పెద్ద జట్టులోకి వచ్చి, ఆ వెంటనే మొదలైన ప్లేఆఫ్స్‌లో 9 డబుల్స్ (కొట్టి రెండో బేస్ దాకా చేరే షాట్లు) కొట్టి రికార్డు సృష్టించాడు. అలాంటి వాడిని, రేంజర్స్ కింది జట్టు ఆడే ఫ్రిస్కోలో, పదిహేను అడుగుల దూరం నుంచి చూసే అవకాశం మాకు ఉండేది, ఇంటికి అరగంట దూరంలో, అయినా మేము వెళ్ళలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే.

బయల్దేరే ముందు మామగారు అడిగారు, "అయితే ఇది మన రంజీ ట్రోఫీ లాంటిదా బాబూ?" అని. ఆ పోలిక కొంతవరకే కుదురుతుంది. రంజీలో ఆంధ్రకో హైదరాబాద్‌కో ఆడతారు, బాగా ఆడితే ఇండియాకు పిలుస్తారు. ఇక్కడ పెద్ద జట్టే పిల్లలను తీసుకుని మెట్టు మెట్టుగా పెంచుతుంది. అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో మొదలు, అక్కడ నుంచి నార్త్ కరోలినాలోని హికరీ, 2025లోనే కొత్తగా చేరిన సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్, ఆపైన డబుల్-ఏ ఫ్రిస్కో, ట్రిపుల్-ఏ రౌండ్ రాక్, చివరికి పెద్ద జట్టు ఆడే ఆర్లింగ్టన్. అన్నిటికంటే పెద్ద గెంతు డబుల్-ఏ దగ్గరే అంటారు, ఎందుకంటే బంతి మీద అదుపు ఉన్న పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, అక్కడ ఎదురవుతారు, అంతవరకు వేగంతో నెట్టుకొచ్చిన బ్యాటర్ల లోపాలు అక్కడ బయటపడతాయి.

ఫ్రిస్కోలో నాలుగు రాత్రులు ఉన్నాం. తోడల్లుడు ఇంట్లోనే ఉండమన్నారు గానీ స్టేడియానికి నడిచి వెళ్ళగలిగే దూరంలో హోటల్ తీసుకున్నాను, ఆ నిర్ణయం చాలా మంచిదైంది. రైడర్స్ ఫీల్డ్ 2003లో కట్టారు. పెద్ద కాంక్రీటు గిన్నెలా కాకుండా విడివిడి భవనాలుగా, వరండాలతో పాత టెక్సస్ ఊరిలా ఉంటుంది. పది వేల మంది పడతారు. నాకు అన్నిటికంటే నచ్చింది బుల్‌పెన్లు, అంటే పిచర్లు వామప్ చేసే చోటు. అవి ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటాయి. గంటకు తొంభై అయిదు మైళ్ళ వేగంతో వచ్చే బంతి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు టీవీలో విన్నదానికి, మోచేతి దూరంలో విన్నదానికి ఏ సంబంధమూ లేదు. మా మామగారు మొదటి బంతికే వెనక్కి జరిగారు, తర్వాత అరగంట అక్కడి నుంచి కదల్లేదు. కుడివైపు బౌండరీ వెనక లేజీ రివర్ ఉంది, నీళ్ళలో తేలుతూ ఆట చూడొచ్చు, గ్రూపులకు ఇస్తారు. మేము దాని జోలికి పోలేదు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు మాత్రం బాగుంటుంది.

ఎండ గురించి ముందే చెప్తున్నాను. ఆట ఏడు గంటలకు మొదలైనా జులైలో సూర్యుడు ఎనిమిదిన్నర దాకా ఉంటాడు. పెద్దవాళ్ళను తీసుకెళ్తే పైకప్పు నీడ పడే వరసలు చూసుకుని కొనండి, రెండు మూడు డాలర్లు ఎక్కువైనా ఫరవాలేదు. మొదటి రోజు నేను చవకని ఎండవైపు కొన్నాను, మామగారికి తల తిరిగినట్టయి మూడో ఇన్నింగ్స్‌కే నీడలోకి మారాల్సి వచ్చింది. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ చూసి, తనే వచ్చి చల్లటి నీళ్ళు ఇచ్చి వెనక వరసలో కూర్చోబెట్టింది, టికెట్ కూడా అడగలేదు. అలాంటి మర్యాద పెద్ద స్టేడియాల్లో నాకు ఎప్పుడూ ఎదురవలేదు. తిండి విషయంలో శాకాహారులకు పాప్‌కార్న్, నాచోస్, ఫ్రైస్ తప్ప పెద్దగా దొరకలేదు. కానీ ఊరు ఫ్రిస్కో కాబట్టి బెంగ లేదు, ఇడ్లీ, దోసె నుంచి ఆంధ్రా భోజనం దాకా పది నిమిషాల దూరంలో అన్నీ ఉన్నాయి. మేము సాయంత్రం నాలుగున్నరకే తినేసి వెళ్ళేవాళ్ళం. ఉదయాలు మామగారిని కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్ళాను, ఆయనకు ప్రయాణం మొత్తంలో నచ్చిన రెండు చోట్లలో అదొకటి, రెండోది బుల్‌పెన్.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. సెబాస్టియన్ వాల్‌కాట్. బహామాస్ పిల్లవాడు, 2006 మార్చిలో పుట్టాడు. పదహారేళ్ళ వయసులో, 2023 జనవరిలో, 32 లక్షల డాలర్లకు రేంజర్స్ సంతకం చేయించుకున్నారు. 2025లో పంతొమ్మిదేళ్ళకే డబుల్-ఏలో తనకంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళతో ఆడాడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తున్న షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) నేల మీద బంతి కోసం అంత కిందికి ఎలా వంగగలడా అని నాకు సందేహంగా ఉండేది. దగ్గర నుంచి చూస్తే అర్థమైంది, మోకాళ్ళతో పాటు నడుము కూడా వంగుతుంది, బంతి అందుకున్నాక ఆ పొడవాటి చెయ్యి విసిరే విసురు ఒక్కటి చాలు. ముందు ముందు ఒళ్ళు ఇంకా పెరిగి థర్డ్ బేస్‌కు మార్చాల్సి వస్తుందని చాలామంది అంటున్నారు, అప్పటికే అక్కడా ఆడించారు. నాకు దాని గురించి దిగులు లేదు. నేను చూసింది అతని ఓపిక. ఆ వయసులో, అంత బలం ఉన్నవాడు ప్రతి బంతికీ బ్యాట్ ఊపేయాలనుకుంటాడు. ఇతను స్ట్రైక్ జోన్, అంటే బ్యాటర్ ఆడాల్సిన హద్దు, దాని పక్క నుంచి జారిపోయే స్లైడర్ అనే వంపు బంతిని వదిలేస్తున్నాడు. అంకెల్లో హోమ్ రన్లు ఇంకా రావచ్చు, రాకపోవచ్చు, కానీ వదిలేయడం వచ్చినవాడు పైమెట్టు మీద నిలబడతాడని నా నమ్మకం. 2027కల్లా ఆర్లింగ్టన్‌లో అతని పేరు వేసిన జెర్సీ వేసుకుని కూర్చోవాలని నా కోరిక.

మా వాడి మనసు మాత్రం మిచ్ బ్రాట్ మీద ఉంది. వాడు ఎడమచేతి వాటం, స్కూల్ లీగ్‌లో పిచర్. బ్రాట్ కూడా ఎడమచేతి పిచరే, కెనడావాడు, 2021 డ్రాఫ్ట్‌లో అయిదో రౌండ్, 19 ఏళ్ళకే దేశాల మధ్య జరిగే 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో తన దేశానికి ఆడాడు. భయపెట్టే వేగం ఉండదు, కానీ అనుకున్న చోట బంతి వేస్తాడు. "నాన్నా, నాకూ స్పీడ్ లేదు కదా, అయినా పర్లేదన్నమాట" అన్నాడు మా వాడు. ఆ మాట కోసం ఎన్ని మైళ్ళైనా రావొచ్చనిపించింది. టోపీ లోపల మార్కర్‌తో 'బ్రాట్' అని తనే రాసుకున్నాడు.

ఈ పిల్లలందరూ వెలిగిపోరు, అది తెలిసే ఆశ పెట్టుకోవాలి. 2023లో కుదిరిన ఒప్పందం తర్వాత డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు అయింది, అంతకుముందు అందులో సగం కూడా లేదు. అదే పెద్ద జట్టులో 2025లో కనీసం 7,60,000. మధ్యలో దూరం ముప్పావు గంట కారు ప్రయాణమే, దాన్ని దాటేవాళ్ళు మాత్రం కొద్దిమందే. పిచర్ జాక్ లైటర్ 2021 డ్రాఫ్ట్‌లో రెండో పిక్, అందరూ వెంటనే స్టార్ అవుతాడన్నారు, 2022లో ఇదే ఫ్రిస్కోలో 3 గెలిచి 10 ఓడాడు. పని అయిపోయిందన్నారు. 2025 సీజన్‌లో పెద్ద జట్టులో వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లలో ఒకడిగా నిలకడగా వేశాడు. ఇంకో పిచర్ కుమార్ రాకర్ సంగతి మన వాళ్ళలో చాలామందికి తెలుసు, తల్లి లలిత భారత సంతతి ఆవిడ. 2022లో మూడో పిక్, 2023 మేలో మోచేతి ఆపరేషన్, తర్వాతి ఏడాది ఫ్రిస్కో, రౌండ్ రాక్ మీదుగా వచ్చి సెప్టెంబరు 12న సియాటిల్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. 2025లో తడబడ్డాడు. నేను అతని మీద ఆశ వదులుకోలేదు, లైటర్‌ను చూశాక ఎలా వదులుకుంటాను?

ప్లాన్ చేసుకునేవాళ్ళకు ఒక సంగతి. ఈ లీగుల్లో సోమవారం దాదాపు ఎక్కడా ఆట ఉండదు, మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు మ్యాచ్‌లు. అందుకని ఆదివారం దాకా ఫ్రిస్కోలో ఉండి, సోమవారం దారి పట్టి, మంగళవారం రౌండ్ రాక్‌లో కూర్చునేలా చూసుకున్నాను. డాలస్ టోల్ రోడ్ల మీద డబ్బు కట్టే కిటికీ ఉండదు. అద్దెకారు తీసుకుంటే టోల్ లెక్క ముందే అడగండి. మేము అడగలేదు, వాడిన రోజులకూ వాడని రోజులకూ కలిపి రోజువారీ రుసుము వేశారు, ఫోన్‌లో నలభై నిమిషాలు మాట్లాడినా తగ్గించలేదు.

దారిలో ఐ-35 హైవే మీద వెస్ట్ అనే చిన్న ఊరుంది. చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ళ ఊరు. చెక్ స్టాప్ అనే బేకరీలో కొలాచీలు అమ్ముతారు, మధ్యలో పండ్ల జామ్ పెట్టిన మెత్తటి బన్ను లాంటివి. ఆప్రికాట్‌ది తినండి, తప్పకుండా ఆగండి.

రౌండ్ రాక్‌లో హోటల్ విషయంలో దెబ్బతిన్నాం. గదిలో ఏసీ నుంచి వేడిగాలి, బయట వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు. కింద చెప్తే "మనిషిని పంపుతాం" అన్నారు, గంటన్నర దాకా ఎవరూ రాలేదు, చివరికి నేనే కిందికెళ్ళి గది మార్పించుకున్నాను. వయసు మళ్ళినవాళ్ళు ఉన్నారని చెప్పినా కదలకపోవడం నాకు చాలా కోపం తెప్పించింది. మీరు వెళ్తే సామాను పైకి మోయకముందే ఏసీ వేసి చూసుకోండి.

స్టేడియం మాత్రం ముద్దుగా ఉంది. డెల్ డైమండ్, 2000లో తెరిచారు. జట్టు పేరు ఎక్స్‌ప్రెస్, నోలన్ రయన్ ముద్దుపేరు 'రయన్ ఎక్స్‌ప్రెస్' మీదుగా వచ్చింది, బ్యాటర్లను 5,714 సార్లు స్ట్రైక్ అవుట్ చేసిన మహానుభావుడైన పిచర్ ఆయన. అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి గుట్ట మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. ఇక్కడ ఒక కొత్త విషయం చూశాం, అంపైర్ స్ట్రైక్ అన్నా కాదన్నా ఆ తీర్పు నచ్చకపోతే బ్యాటరో పిచరో క్యాచరో తల తట్టుకుంటారు, వెంటనే పెద్ద తెర మీద బంతి ఎక్కడ పడిందో కెమెరా లెక్క కనిపిస్తుంది. క్రికెట్ డీఆర్‌ఎస్ చూసి చూసి ఉన్న మామగారికి ఇది మాకంటే ముందే అర్థమైంది, ప్రతి చాలెంజ్‌కూ "అవుట్‌సైడ్" అని ముందే తీర్పు చెప్పేవారు, చాలాసార్లు ఆయనే కరెక్ట్.

అయినా రెండిట్లో ఒకటే చూడగలిగితే ఫ్రిస్కోకే వెళ్ళమంటాను. ట్రిపుల్-ఏలో పైకీ కిందికీ తిరిగే, వయసు పెరిగిన వాళ్ళు ఎక్కువ, ఆట నాణ్యంగా ఉంటుంది, కానీ రేపటి కోసం చూసే మనకు కావలసిన పిల్లలు డబుల్-ఏలోనే ఉంటారు. ఇంకా చిన్నవాళ్ళను చూడాలంటే మార్చిలో సర్‌ప్రైజ్. 2025 మార్చిలో నేనొక్కడినే వెళ్ళాను, వెనక మైదానాల్లో డబ్బులేమీ లేకుండా కంచె పక్కన నిలబడి చూడొచ్చు, పిల్లలు మన పక్కనుంచే నడిచి వెళ్తారు. కాకపోతే ఫీనిక్స్ విమానాశ్రయం నుంచి ముప్పావు గంట, ఆ నెలలో హోటళ్ళు రెట్టింపు ధర.

చివరి రోజు ఆర్లింగ్టన్ గ్లోబ్ లైఫ్ ఫీల్డ్. పైకప్పు, ఏసీ, హాయి. ధర కూడా ఆ స్థాయిలోనే, పార్కింగ్‌కు ఇచ్చిన డబ్బుతో ఫ్రిస్కోలో ఇద్దరం ఆట చూడొచ్చు. మా వాడికి మాత్రం ఇవాన్ కార్టర్ పేరు, వైయట్ లాంగ్‌ఫర్డ్ పేరు తెర మీద చూడగానే "వీళ్ళూ ఆ ఫ్రిస్కో గడ్డి మీద ఆడినవాళ్ళే" అని పక్క సీటు ఆయనకు చెప్పడమే పని.

ఇంటికొచ్చాం. జులై 31న, జట్లు ఆటగాళ్ళను మార్చుకునే ట్రేడ్ గడువు రోజు, ఫోన్‌లో వార్త వచ్చింది. అరిజోనా జట్టు నుంచి పిచర్ మెరిల్ కెల్లీని రేంజర్స్ తెచ్చుకున్నారు, బదులుగా ముగ్గురు కుర్ర పిచర్లను ఇచ్చేశారు, కోల్ డ్రేక్, డేవిడ్ హేగమన్, మిచ్ బ్రాట్. 2023 వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్‌లో మనల్ని 9-1తో ఓడించిన రోజు ఏడు ఇన్నింగ్స్ వేసింది ఈ కెల్లీయే. మంచి పిచర్, ఆ ఏడాది ప్లేఆఫ్స్ కోసం కావలసి వచ్చాడు, ఆ లెక్క నాకు అర్థమవుతుంది. అయినా మా వాడికి ఎలా చెప్పాలో తెలియక రాత్రి భోజనం దాకా ఆగాను. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గదిలోకెళ్ళి టోపీ తెచ్చుకుని, లోపల రాసిన పేరు అలాగే ఉంచి, అరిజోనా డబుల్-ఏ జట్టు అమరిల్లోది కదా, వాళ్ళూ ఫ్రిస్కో లీగ్‌లోనే ఆడతారు కదా, ఫ్రిస్కోకు ఎప్పుడొస్తారో చూడమన్నాడు. వచ్చే ఏడాది షెడ్యూల్ రాగానే మొదట వెతికేది అదే. వాల్‌కాట్ అప్పటికి రౌండ్ రాక్ వెళ్ళిపోయి ఉంటే మళ్ళీ రెండు ఊళ్ళూ తిరగాలి, మామగారు ఇప్పుడే వీసా తేదీలు చూసుకుంటున్నారు.