హాల్లో రజా ప్రింటు: ఎరుపు ఎండకు పోయింది, నలుపు నిలిచింది

ఈ ప్రింటు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది నలుపు గురించే. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా గీసిన బిందు (చుక్క) చిత్రాల్లో ఒకదానికి కాగితం మీద తీసిన ప్రింటు ఇది. మధ్యలో పెద్ద నల్ల గుండ్రం, చుట్టూ ఎరుపు, పసుపు, కాషాయం, నలుపు పట్టీలు. ఒంగోలులో మా హాల్లో ఏళ్ల తరబడి ఉంది.

నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో గ్రేడింగ్ పని చేస్తాను. పొద్దున నుంచి సాయంత్రం దాకా బ్లాక్ గెలాక్సీ అనే, బంగారు చుక్కలున్న నల్ల గ్రానైట్ స్లాబులే నా కళ్ల ముందు. బంగారు చుక్కలు ఒక పక్క గుమిగూడి ఇంకో పక్క పలచబడితే రేటు పడిపోతుంది. రాయికి రంగు పట్టించారేమోనని అనుమానం వస్తే థిన్నర్ ముంచిన గుడ్డతో రుద్దుతాం, గుడ్డకు నలుపు అంటిందా, ఆ స్లాబు పక్కకే. ఇలాంటివాడు డబ్బులిచ్చి ఇంటికి ఇంకో నలుపు తెచ్చుకోవడం ఏమిటని మా ఇంటావిడకు వింతగా ఉండింది. "అక్కడ చూసింది చాలదా?" అంది. చాలదు మరి. పాలిష్ పట్టిన రాయిలో నలుపు కనిపించదు, మన ముఖమూ పైనున్న లైటూ కనిపిస్తాయి. కొరియర్‌లో వచ్చిన గొట్టం విప్పి ఈ కాగితాన్ని మంచం మీద పరిచినప్పుడు మాత్రం చూపు అందులోకి పోయింది, తిరిగి రాలేదు. ఇంత మెరుపులేని నలుపు నా పనిలో నేను చూడలేదు.

సైజు, కాగితం మందం లాంటివి అమ్మే పేజీలోనే ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు. అసలు చిత్రాలు మన లెక్కలోవి కావు. ఆయన 'సౌరాష్ట్ర' అనే చిత్రం 2010లో లండన్ వేలంలో 16 కోట్ల రూపాయలు దాటింది. మా ప్రింటు చూసి ఇంటికొచ్చినవాళ్లలో సగం మంది బొట్టు అంటారు, మిగతావాళ్లు ఇది ఏ దిక్కున పెట్టాలి అని వాస్తు అడుగుతారు.

రజా 1922లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మండ్ల జిల్లా బాబరియాలో పుట్టారు. తండ్రిది అటవీశాఖ ఉద్యోగం, కాబట్టి బాల్యమంతా అడవి పక్కనే. రాత్రిళ్లు అడవి భయపెట్టేదని, గోండుల ఆటపాటలు వినిపిస్తేనే మనుషులున్నారన్న ధైర్యం కలిగేదని, తెల్లారాక సంత రోజున ఎండలో ఊరంతా రంగులతో మెరిసేదని, మళ్లీ రాత్రి వచ్చేదని ఆయనే చెప్పుకున్నారు. ఆ రెండూ తన బొమ్మల్లోంచి ఎప్పటికీ పోలేదని కూడా అన్నారు. కకైయా ఊరి బడిలో మనసు నిలవని ఈ పిల్లవాడికి మేష్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. 1950లో ఫ్రాన్స్ వెళ్లి, అక్కడి పల్లెలూ చర్చిలూ గీసి పేరు తెచ్చుకున్నాక, ఎప్పుడో అరవై దగ్గర పడుతుండగా ఆ చుక్క కాన్వాసు నిండా వచ్చి కూర్చుంది. నాకు ఆ ఆలస్యం నచ్చుతుంది. చిన్ననాటి సంగతిని తొందరపడి అమ్మేసుకోలేదాయన.

నా చిన్నప్పటి నలుపు వేరు. మాది రామతీర్థం వైపు. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో వాన నీళ్లు నిలిచేవి. కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద నుంచి చూస్తే ఆకాశం కంటే ఆ గుంతే ఎక్కువ నల్లగా ఉండేది. అటు పోతే కాళ్లిరగ్గొడతానని మా నాయనమ్మ రోజూ బెదిరించేది. బిందువంటే విశ్వం, బీజం అని పెద్దవాళ్లు రాస్తారు, ఉండొచ్చు. నాకు మాత్రం ఆ ప్రింటులో కనపడేది గుంతే. అందుకే ఈ సమీక్షలో నేను నలుపుకు వేసే మార్కులు అందరికీ పనికిరాకపోవచ్చు.

ఇక అసలు గొడవ ఫ్రేముతో మొదలైంది. ఊళ్లో ఫ్రేములు కట్టే ఒక షాపులో ఇచ్చి, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు బోర్డు పెట్టి ఖాళీ ఉంచమని ప్రత్యేకంగా చెప్పాను. తీరా వాళ్లు అద్దం నేరుగా కాగితం మీద పెట్టి, వెనక హార్డ్‌బోర్డు కొట్టి, బీడింగ్ (చుట్టూ ఉండే ఫ్రేము పట్టీ) బిగించి ఇచ్చారు. అడిగితే షాపతను "మౌంటు పెడితే బొమ్మ చిన్నదిగా కనిపిస్తుంది సార్, ఇలాగే రిచ్‌గా ఉంటుంది" అన్నాడు. రిచ్ సంగతి దేవుడెరుగు, అద్దం పడగానే నా నలుపు కాస్తా స్లాబు అయిపోయింది. ఫ్యాను రెక్కలు, ట్యూబ్‌లైటు, సోఫాలో కూర్చున్న నేను, అన్నీ అందులోనే. సాయంత్రం కిటికీ మొత్తం కనపడేది. అయినా గోడకు తగిలించాక మళ్లీ దించబుద్ధి కాలేదు.

మాకు అసలు వానలు అక్టోబరు తర్వాతే. వాయుగుండం పట్టిందంటే గోడలు చెమ్మెక్కి, బీరువాలో బట్టలు కూడా వాసన వేస్తాయి. అలాంటి ఒక ముసురులో ఎరుపు పట్టీ మీద తడి మరక లాంటిది కనిపించింది. గుడ్డ పెట్టి తుడిచాను, పోలేదు. మరక అద్దానికి అవతల ఉంది. చెమ్మకు కాగితం మీది పూత మెత్తబడి అద్దానికి అతుక్కుపోయింది. కట్టిన షాపుకు తీసుకెళ్తే "వానలు తగ్గితే అదే వదిలేస్తుంది సార్" అని చేతులు దులుపుకున్నారు. వానలు తగ్గాయి, సంక్రాంతి కూడా వెళ్లింది, మరక మాత్రం అరచేయంత అయింది. నాకు టెన్షన్ ఎక్కువైంది, అది నల్ల గుండ్రం అంచు దాకా వస్తోంది.

చివరికి ఇంకో షాపులో ఒక పెద్దాయన దగ్గరుండి విప్పాడు. మేకులు ఒక్కొక్కటే తీసి, హార్డ్‌బోర్డు ఎత్తి, కాగితాన్ని ఒక మూల నుంచి ఓపికగా లాగుతూ వచ్చాడు. నలుపు క్షేమంగా వచ్చింది. ఎరుపులో మాత్రం అతుక్కున్న మేర పూత అద్దం మీదే ఉండిపోయింది, కాగితం తెల్లగా బయటపడింది. నేను దాన్ని చూసి బాధపడుతుంటే ఆయన "అది కాదు బాబూ, ఇటు చూడు" అని అంచు చూపించాడు.

బీడింగ్ కింద దాగిన సన్నని అంచులో ఎరుపు ఎరుపుగానే ఉంది, మొదటి రోజు మంచం మీద చూసిన ఎరుపు. దాని పక్కనే ఇన్నాళ్లూ వెలుతురు తగిలినదంతా పాలిపోయిన గులాబీ. పసుపు ఇంకా అధ్వానం, దానికి మజ్జిగ రంగు వచ్చింది. రోజూ చూస్తున్న గోడ మీద ఇంత మార్పు నాకు కనపడనే లేదు, రంగు తేడా పట్టడమే నా ఉద్యోగం అయినా. మాది పడమర కిటికీ. ఒంగోలు ఎండాకాలంలో మూడు దాటితే ఎండ నేరుగా ఆ గోడ మీదికే వస్తుంది. నల్ల పట్టీ అంచు కూడా వెలుతురుకు తిప్పి తిప్పి చూశాను. బీడింగ్ కింద నలుపుకూ బయటి నలుపుకూ తేడా దొరకలేదు. నల్ల ఇంకులో కార్బన్ ఉంటే అది ఎండకు అంత తేలిగ్గా లొంగదు. ఎరుపు, పసుపుల్లో చవక డై ఇంకు (కరిగిన రంగుది) వాడితే ఇలాగే అవుతుంది, పిగ్మెంట్ ఇంకు (కరగని రంగు పొడిది) అయితే చాలాకాలం నిలబడేది. అమ్మేవాళ్లు పేజీలో 'వందేళ్ల రంగు' అని వేశారు. ఫోటోలతో రాస్తే, నేరుగా ఎండ తగిలే చోట పెడితే తమ బాధ్యత కాదన్నారు. ఆ షరతు కొనేటప్పుడు ఎక్కడా కనపడలేదు.

మా అమ్మ పూజ గదిలో రవివర్మ లక్ష్మి పటం నా వయసుది. చీర రంగు ఏనాడో పోయింది, అయినా లక్ష్మి లక్ష్మే. ఈ రకం బొమ్మలో ముఖం లేదు, చీర లేదు, పట్టుకోవడానికి రంగు ఒక్కటే ఉంది. ఎరుపు గులాబీ అయిందంటే అది వేరే బొమ్మ. రజా చెప్పిన రాత్రికీ సంతకూ మధ్య ఉన్న తూకమే పోయింది. మా కిటికీ ఎండ సంతను మొత్తం తినేసి రాత్రిని వదిలేసింది. ఆ సంగతి తట్టాక నాకు కోపంతో పాటు కొంచెం నవ్వు కూడా వచ్చింది.

పెద్దాయన మాట మీద దాన్ని బోర్డుకు అంటించి, అద్దం లేకుండా, బీడింగ్ మాత్రం వేసి, ఎండ పడని లోపలి గోడకు మార్చాను. అనుకోని లాభం అక్కడే కలిగింది. అద్దం పోగానే నలుపు మళ్లీ మొదటిలా అయింది. ఫ్యాను లేదు, లైటు లేదు, నేను లేను. రాత్రి భోజనాలయ్యాక లైటు తగ్గించి కాసేపు చూస్తే పగలంతా యూనిట్‌లో అలసిన కళ్లకు హాయిగా ఉంటుంది. ఊడిన చోటు తలుపు వైపు ఉంది కాబట్టి సోఫాలో నుంచి పెద్దగా కనపడదు.

ఇంత మెచ్చుకున్నాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మధ్య పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడు జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో రజా అసలు కాన్వాసు చూశాను. అక్కడి నలుపు ఒకే నలుపు కాదు. కుంచె జాడలు కనిపిస్తాయి, ఒక చోట దట్టం, ఒక చోట కింది రంగు తొంగిచూస్తుంది. రంగులన్నిటికీ నలుపే తల్లి అని ఆయన ఎందుకనేవారో ఆ కాన్వాసు ముందు కొంత తెలిసింది. మా ఇంట్లోది దాని ముందు సమంగా పరిచిన ఇంకు. తిరిగొచ్చిన వారం దాన్ని సరిగ్గా చూడబుద్ధి కాలేదు, తర్వాత మళ్లీ అలవాటైంది. పైగా అద్దం లేని నలుపు వేలిముద్ర పడితే ఊరుకోదు, తుడిస్తే మెరుపు మరక నిలుస్తుంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఇది కుదరని పని. మా పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు కాబట్టి నడుస్తోంది.

కొనొచ్చా అంటే, మీ గోడ ఏ వైపు ఉందో చూసుకోండి. పడమర ఎండా, సముద్రపు చెమ్మా రెండూ ఉన్న మా లాంటి ఊళ్లలో కాగితం కంటే అద్దం అక్కర్లేని కాన్వాసు ప్రింటు మేలు. అద్దమే కావాలంటే మౌంటు వేయించి, బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. కొత్తది తెప్పిద్దామని మా ఇంటావిడే ఇప్పుడు అంటోంది, ఆమెకు ఎరుపు కావాలి. నాకూ ఆ కోరిక ఉంది గాని, ఏ ఇంకు వాడతారో బిల్లు మీద రాసిచ్చేవాళ్లు ఇంతవరకు దొరకలేదు.