పెద్దాయన జాడ కోసం పాత కాగితాలు: ఏళ్లతరబడి వాడాక ఏది ఎంత పనికొచ్చిందో

మా అబ్బకు జేజినాయన 1876లో మొదలైన ధాత కరువులో కదిరి దిక్కు నుంచి వచ్చి, మైదుకూరు దగ్గర కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద మా పల్లెలో మొదటి కొట్టం వేశాడని మా ఇంట్లో చెప్తారు. ఆయన్ను అందరం పెద్దాయన అనే అంటాం. ఆయన ఎప్పుడొచ్చాడు, ఎట్లా నిలదొక్కుకున్నాడు అనేది తెలుసుకుందామని చాలా ఏళ్లుగా రకరకాల రికార్డులు తిరగేస్తున్నా. ఇట్లాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఏది ఎంత పనికొస్తుందో నా అనుభవం రాస్తున్నా.

అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పాత దస్తావేజులు. ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు మీ పెద్దనాయన ఇంట్లో, చిన్నాయన ఇంట్లో, మేనత్తల ఇళ్లల్లో పెట్టెలు చూడండి. ఎందుకంటే వంద రూపాయల లోపు భూమి అమ్మకానికి అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆ కాలంలో మెట్ట చేను చాలావరకు ఆ ధరకే వచ్చేది, కాబట్టి మొదటి కొనుగోళ్ల కాగితాలు ఇంట్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఇంకెక్కడా ఉండవు.

దస్తావేజు చేతికి రాగానే అందరూ ఎకరాలు, రూపాయలు చూస్తారు. నేనైతే పేరు పక్కన ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వాని కుమారుడు అని రాసే వరస ముందు చూడమంటాను, ఆ తర్వాత చెక్కుబంది, అంటే నాలుగు దిక్కుల హద్దులు. మా మొదటి కాగితంలో పెద్దాయన కదిరి తాలూకా కాపురస్తుడు, ప్రస్తుతం ఇక్కడ మకాం. తర్వాతి దాంట్లో కదిరి మాటే లేదు, మా పల్లె కాపురస్తుడు అని ఉంది. ఆ రెండు కాగితాల మధ్యలోనే ఆయన ఇక తిరిగిపోకూడదని నిర్ణయించుకున్నాడన్నమాట. చెక్కుబంది ఇంకా ఎక్కువ చెప్పింది. మొదటిదాంట్లో తూర్పున బంజరు, ఉత్తరాన వంక. రెండోదాంట్లో అదే తూర్పున ఆయన తమ్ముని చేను, దక్షిణాన ఆయన బావి. తమ్ముడు వెనక వచ్చాడని, బావి వచ్చిన ఏడే తవ్వింది కాదని, బంజరు సాగులోకి వచ్చిందని నాలుగు దిక్కులు చదివితే తెలిసింది. ఇంట్లో ఎవరికీ ఆ తమ్ముడి సంగతే తెలీదు!

కదిరి 2022 దాకా అనంతపురం జిల్లానే కదా, కాగితంలో కడప జిల్లా కదిరి తాలూకా అని ఎందుకుంది అని మా వాళ్లు అనుమానపడ్డారు. 1910 దాకా కదిరి తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. తాడిపత్రి వైపు వాళ్లయితే 1882కు ముందు కాగితాల్లో బళ్లారి జిల్లా అని ఉంటుంది, అనంతపురం జిల్లా ఏర్పడిందే ఆ ఏడు. జిల్లా పేరు కలవలేదని కాగితాన్ని పక్కన పడేయొద్దు.

తేదీల దగ్గర ఓపిక కావాలి. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఫసలీ జులైలో మొదలవుతుంది, అంటే ఫసలీ 1299 అంటే 1889 జులై నుంచి 1890 జూన్ దాకా. ఉత్త తెలుగు సంవత్సరమే ఉంటే అది అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. విరోధి అంటే 1889 కావచ్చు, 1949 కావచ్చు. అప్పుడు స్టాంపు మీద బొమ్మ చూడాలి, విక్టోరియా రాణి ఉంటే పాతదే. పేర్లదీ ఇదే టెన్షన్, తాత పేరే మనవడికి పెడతారు కాబట్టి తండ్రి పేరు కలవనిదే ఫలానా మనిషి అని తేల్చకండి.

అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు రాత చదవడం నా వల్ల కాలేదు, మా పక్క ఊళ్లో పాత కరణాల ఇంటి ముసలాయన ఒకాయన కూర్చోబెట్టుకుని చదివి చెప్పాడు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, ఆ రాత చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆయన చదువుతుంటే ఫోన్లో రికార్డు చేసుకున్నా, అందరూ అట్లే చేయండి.

రిజిస్ట్రేషన్ అయినవాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టాల్సిందే. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఒక ఆఫీసులో మాత్రం పుస్తకం చెదలు తిన్నదన్నారు, అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

డైగ్లాట్ రిజిస్టర్ (ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో ఉండే పాత భూమి రిజిస్టర్) సర్వే నంబరు, పట్టాదారు పేరు ఖాయం చేసుకోవడానికి బాగుంటుంది, మనిషి గురించి ఇంకేమీ చెప్పదు. ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో ఉండే భూమి రికార్డులు అడంగల్, 1బి ఇప్పటి హక్కుదారుల కోసం పెట్టినవి, వంశం వెతకడానికి కాదు. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త నంబర్లు వచ్చాయి కాబట్టి పాత సర్వే నంబర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి. జనాభా లెక్కల్లో పేర్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఇంట్లో చెప్పే కథలను కూడా కాగితాల పక్కన పెట్టి పోల్చి చూడాలి. పెద్దాయన కాలువ తవ్వే పనికి వచ్చాడని మా చిన్నాయన అంటాడు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కేసీ కాలువ తవ్వింది 1863 నుంచి 1870 మధ్య, ధాత కరువేమో 1876లో మొదలైంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు, మకాం అని రాసిన కాగితం చూస్తే కరువు మాటే నమ్మేట్టుంది. మొదటి కొట్టం సంగతికి కడపలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వేసిన మెకంజీ కైఫియత్తులు, అంటే మెకంజీ దొర రాయించిన ఊళ్ల చరిత్రలు, చూశా. అవి రెండు వందల ఏళ్ల కిందటివి, ఏ ఊరు ఎట్లా కట్టారో చాలావాటికి ఉంది. పక్క ఊరుంది, మా పల్లె లేదు, అప్పటికి పుట్టలేదేమో. దీంతో మొదటి కొట్టం ఆయనదే అని రుజువు కాదు, కానీ మాట కొట్టేయడానికీ లేదు.

గోత్రాలు, వంశాలు పాడే వంశరాజులు మీ ఊరికి ఇంకా వస్తుంటే కూర్చోబెట్టి వినండి. వరస చక్కగా చెప్తారు, సంవత్సరాలు మాత్రం ఉండవు.

నాకు బాధ అనిపించేది ఆడవాళ్ల పేర్లు. పట్టాల్లో వాళ్లు ఎక్కడా లేరు. పెద్దాయన భార్య పేరు దొరికింది ఒకే ఒక్క చోట, కూతురికి పసుపుకుంకుమ కింద రెండెకరాలు ఇచ్చిన కాగితంలో. భూమి లేని కుటుంబాలకు ఈ రికార్డులు ఇంకా తక్కువ ఇస్తాయి. వాళ్లకు బడి అడ్మిషన్ రిజిస్టర్లు, క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు మేలు. జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషనరీ సొసైటీ పనిచేసిన ఊళ్లలో అడిగి చూడొచ్చు, ఆ రిజిస్టర్లలో తల్లి పేరు కూడా రాస్తారు.

ఇప్పుడు నేను వెతుకుతున్నది ఆ తమ్ముడి వంశంవాళ్లని. కదిరి దిక్కు పల్లెల్లో ఎవరింట్లోనైనా ధాత కరువులో అన్న వెనకాల మైదుకూరు వైపు పోయిన మనిషి గురించి మాట ఉంటే చెప్పండి.