రంగుల స్వెటర్‌కు ఏ అల్లిక మేలు: ఫెయిర్ ఐల్ పద్ధతా, ఇంటార్సియానా?

స్వెటర్ మీద రంగుల బొమ్మ రావాలంటే ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలని అల్లిక నేర్చుకుంటున్నవారు నన్ను తరచుగా అడుగుతుంటారు. చాలామంది బొమ్మ ముందు వైపు ఎలా కనిపిస్తుందో చూసి నిర్ణయించుకుంటారు. నేను మాత్రం వాడని రంగు పోగు వెనుక వైపు ఎంత దూరం సాగవలసి వస్తుందన్నదే ముందుగా లెక్కపెడతాను.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, షెట్లాండ్ దీవులకు చెందిన ఫెయిర్ ఐల్ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతిలో ఒక వరుసలో సాధారణంగా రెండు రంగులే ఉంటాయి. ఒకటి అల్లుతుండగా రెండవది వెనుక సాగుతూ వస్తుంది. ఆ సాగే పోగు నాలుగైదు కుట్లు దాటనంతవరకు ఈ పద్ధతికి సాటి లేదు, పైగా రెండు పొరలవడం వల్ల వెచ్చదనమూ ఎక్కువ. పోయిన చలికాలంలో మా అక్క మనవడికి అల్లిన స్వెటర్ చేతి భాగంలో తొమ్మిది కుట్ల పొడవున పోగును వదిలేశాను. పిల్లవాడు చెయ్యి దూర్చిన ప్రతిసారీ చిటికెన వేలు అందులో చిక్కుకునేది. చివరికి ఆ భాగం విప్పి, మధ్యలో ఒకచోట పోగును మెలివేసి పట్టించి మళ్లీ అల్లాను. అలాగని బిగించి లాగితే బట్ట ముడుచుకుపోతుంది కనుక, రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లను వేళ్లతో కాస్త విడదీసి పరచడం అలవాటు చేసుకోవాలి. బొమ్మ రంగు పోగును ఎప్పుడూ కింది నుంచి, బొమ్మ చుట్టూ ఉండే నేల రంగు పోగును పై నుంచి తీసుకుంటే బొమ్మ స్పష్టంగా లేచి కనిపిస్తుంది. షెట్లాండ్ ఊలు నూగు వల్ల పోగులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. మన బజారులో ఎక్కువగా దొరికే అక్రిలిక్ జారిపోతుంది కనుక దానితో మరింత శ్రద్ధ అవసరం.

ఇంటార్సియాలో ఒక్కొక్క రంగు భాగానికి విడిగా చిన్న ఉండ ఉంటుంది. రంగులు కలిసేచోట ఒక పోగును మరొకదానిపై మెలివేయకపోతే సందు పడుతుంది. వెనుక పోగులు సాగవు, బట్ట పలుచగా ఉంటుంది. ఛాతీ మీద పెద్ద బొమ్మ ఒక్కటే కావాలంటే ఇదే సరైనది. అయితే గుండ్రంగా అల్లడానికి ఇది అనువు కాదు, చివరలో దాచవలసిన పోగు కొసలూ ఎక్కువే.

ఈ రెండూ కాక మొజాయిక్ అనే మరో పద్ధతి ఉంది. అందులో రెండేసి వరుసలకు ఒక్క రంగే వాడుతూ, కొన్ని కుట్లను అల్లకుండానే ఒక సూది మీంచి మరో సూది మీదికి జార్చుకుంటూ పోతారు. కొత్తవారికి సులువే గాని బొమ్మల ఎంపిక పరిమితం.

చిన్న బొమ్మలు దగ్గర దగ్గరగా వచ్చేచోట నేను ఫెయిర్ ఐల్ పద్ధతినే ఎంచుకుంటాను. అదే పిల్లవాడికి ఇప్పుడు అల్లుతున్న స్వెటర్ అంచున ఒక సైజు పెద్ద సూదులతో ఆ పద్ధతిలోనే చిన్న బొమ్మల పట్టీ వేశాను. ఛాతీ మీది ఏనుగును ఇంటార్సియాలో అల్లుతున్నాను. దాని కన్నును మాత్రం అల్లిక పూర్తయ్యాక పైకుట్టుగా కుడతాను.