వన్-టు-వన్ నోట్సుకి గూగుల్ డాక్స్: షేరింగ్ దగ్గరే జాగ్రత్త
టీమ్‌లో ఒక్కొక్కరితో వారం వారం కూర్చునే మేనేజర్ ఇంకో యాప్ కొనక్కర్లేదు, గూగుల్ డాక్స్ చాలు. మనిషికో డాక్యుమెంట్, కొత్త తేదీ ఎప్పుడూ పైనే. @ కొట్టి మీటింగ్ నోట్స్ ఎంచుకుంటే క్యాలెండర్‌లోని తేదీ, పేర్లు వాటంతటవే పడతాయి. కామెంట్‌లో @తో మెయిల్ ఐడీ రాసి అసైన్ చేస్తే పని ఎవరిదో తేలిపోతుంది. మేనేజర్ తన పేరు మీదా ఒకటి రెండు వేసుకోవాలి, లేదంటే అది వట్టి అప్పగింతల చిట్టా.

దెబ్బ తినేది షేరింగ్ దగ్గర. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చని వదిలేస్తే జీతం మాటా, ఇంటి ఇబ్బందీ ఆఫీసంతా చదువుతుంది. 'రిస్ట్రిక్టెడ్' (చేర్చినవాళ్ళకే తెరుచుకునే సెట్టింగ్) పెట్టి, మీ ఇద్దరికే ఎడిటర్ హక్కు ఉంచండి. రాసింది చెరిపేసినా వెర్షన్ హిస్టరీలో, అంటే పాత ప్రతుల చిట్టాలో, కనబడుతుంది. మనసు విప్పి చెప్పుకున్న సంగతులు అసలు ఎక్కించకండి. అజెండాలో మొదటి లైను మాత్రం అవతలివాళ్ళనే రాయనివ్వండి.