రోహిణి కార్తెను తట్టుకున్న ఓవర్‌క్లాక్: రైజెన్ 5 2600తో ఆరేళ్లు

జనవరి రాత్రి ఒక గంట పరీక్ష పెట్టి ‘నా ఓవర్‌క్లాక్ నిలకడగా ఉంది’ అని విజయవాడలో ఎవరైనా చెబితే నేను నమ్మను. (ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం.) రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ లేని గదిలో, ఎడిట్ చేసిన పెళ్లి వీడియో మొత్తం మచ్చ లేకుండా రెండర్ అయితే, అంటే తుది ఫైలుగా తయారైతే, అప్పుడు నమ్ముతాను. నేను ఈ మాట నేర్చుకోవడానికి ఒక వేసవి పట్టింది, ఒక కుటుంబానికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

మా ఎడిటింగ్ గది మొగల్రాజపురం కొండ పక్కన, మేడ మీద ఉంటుంది. పగలంతా కాగిన రాయి రాత్రి పది దాటినా సెగ వదులుతూనే ఉంటుంది. 2018 చివర్లో గవర్నర్‌పేటలో ఈ కంప్యూటర్ కట్టించుకున్నాను: రైజెన్ 5 2600, బి450 మదర్‌బోర్డు, 16 జీబీ మెమరీ. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్ల ప్రాసెసర్. కంపెనీ చెప్పే మూల వేగం 3.4 గిగాహెర్ట్జ్, గరిష్ఠ బూస్టు 3.9. కానీ ఆ 3.9 ఒకటి రెండు కోర్ల మీద పని ఉన్నప్పుడే వస్తుంది. రెండరింగ్‌లో ఆరు కోర్లూ ఒకేసారి శ్రమిస్తే నా దగ్గర 3.65 దాటేది కాదు. ఓవర్‌క్లాక్‌తో నేను పూడ్చాలనుకున్నది ఆ తేడానే.

డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌తో ఓవర్‌క్లాక్ ఆలోచనే వద్దు. అసలు వేగంలోనే, అక్టోబరులోనే, 84 డిగ్రీలు చూశాను. ఈ ప్రాసెసర్ పరిమితి 95. అంచేత వేడిని పైకి లాగే నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ ఒకటి తెచ్చాను. దానికి, తర్వాత పెట్టిన రెండు కేబినెట్ ఫ్యాన్లకు, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టుకు కలిపి మూడు వేల రూపాయలలోపే అయింది. దుకాణంలో నీటి కూలర్ తీసుకోమని చాలాసేపు నచ్చజెప్పారు. ఈ ప్రాసెసర్‌కు అది అనవసరమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. పంపు ఆగిపోతుందనే భయం టవర్ కూలర్‌కు లేదు. ఫ్యాను పాడైతే నాలుగైదు వందలతో మరొకటి తగిలించుకోవచ్చు.

పాత కూలర్‌ను తీసేటప్పుడు జాగ్రత్త. ఈ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు, అంటే ఏఎం4 సాకెట్లో, ప్రాసెసర్ సూదులు కిందికి ఉంటాయి. పేస్టు గట్టిపడి ఉంటే, కూలర్‌ను పైకి లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానితోపాటు ఊడి వస్తుంది, సూదులు వంగుతాయి. ముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని చేయించి పేస్టును వెచ్చబరచి, కంప్యూటర్ ఆపి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. ఇంకొకటి: డబ్బా కూలర్‌ను మరలతో బిగించడానికి బోర్డు మీది ప్లాస్టిక్ పట్టీలను తీసేస్తారు. చాలా టవర్ కూలర్లు ఆ పట్టీలకే కొక్కెం తగిలించుకుంటాయి. మా పట్టీలు ఖాళీ డబ్బాలో దొరికాయి. మీవి పారేయకండి.

జనవరిలో గది 22 డిగ్రీలున్న రాత్రి 4.1 గిగాహెర్ట్జ్, 1.36 వోల్టులు పెట్టాను. ప్రాసెసర్‌ను పూర్తిగా శ్రమపెట్టి పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రాము గంటసేపు నడిచింది. వేడి 74 డిగ్రీలు. ఎంతో సంతోషపడ్డాను.

మే నెలలో గది 38కి చేరింది. కూలర్ చేయగలిగింది ప్రాసెసర్‌ను గది కంటే ఇన్ని డిగ్రీల పైన ఆపడం మాత్రమే. జనవరిలో 22 మీద 52 పెరిగి 74 అయినది, మేలో 38 మీద అదే 52 పెరిగి 90 అయింది. ప్రాసెసర్ వేడెక్కేకొద్దీ అదే వేగాన్ని నిలబెట్టడానికి దానికి కాస్త ఎక్కువ వోల్టేజీ కావాలి. జనవరిలో సరిపోయిన 1.36 మేలో చాలలేదు.

కంప్యూటర్ ఆగిపోయి ఉంటే నాకు తెలిసేది. అది ఆగలేదు. రెండర్ పూర్తయింది, నేను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత పెళ్లికూతురి నాన్నగారు ఫోను చేశారు. “బాబూ, జీలకర్ర–బెల్లం పెట్టేటప్పుడు తెర మీద ఆ ఆకుపచ్చ గళ్లు ఏమిటి?” అని అడిగారు. కోపం లేదు ఆయన గొంతులో, బాధ ఉంది. మూల ఫుటేజీ భద్రంగా ఉంది కాబట్టి మళ్లీ రెండర్ చేసి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. ఆ రోజు కంప్యూటర్ తన తప్పులను రాసుకునే చిట్టా, విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, హార్డ్‌వేర్ తప్పును సరిదిద్దినట్లు చెప్పే WHEA హెచ్చరికలు వరుసగా ఉన్నాయి. వారం రోజులుగా అది చెబుతూనే ఉంది, నేనే చూడలేదు.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. ప్రాసెసర్ పని చేసేటప్పుడు పుట్టే వేడి స్థూలంగా వేగానికీ, వోల్టేజీ వర్గానికీ అనులోమంగా పెరుగుతుంది. 3.95 గిగాహెర్ట్జ్‌కు నా ప్రాసెసర్ 1.28 వోల్టులతో సరిపెట్టుకుంటోంది. దాని మీద 4.1, 1.36 అంటే వేగం నాలుగు శాతం కూడా పెరగలేదు, వేడి మాత్రం దాదాపు 17 శాతం పెరిగింది. నలభై నిమిషాల రెండర్ 3.95లో 37 నిమిషాలకు వస్తే, 4.1లో ముప్పై అయిదున్నరకు వస్తుంది. ఆ ఒకటిన్నర నిమిషం కోసం ఒక పెళ్లి ముహూర్తాన్ని పణంగా పెట్టాను.

అప్పటినుంచి 3.95, 1.28 మీదే ఉన్నాను. నడి మేలో, 38 డిగ్రీల గదిలో 82 చూపిస్తుంది. బోర్డులో లోడ్ లైన్ కాలిబ్రేషన్ అనే అమరికను మధ్య స్థాయిలో ఉంచాను. పని బరువు పడగానే వోల్టేజీ కొంత జారుతుంది, ఆ జారుడును ఇది తగ్గిస్తుంది. దాన్ని గరిష్ఠానికి పెడితే బరువు తీసిన క్షణంలో వోల్టేజీ ఎగిసిపడుతుంది, వద్దు.

టవర్ కూలర్‌తో వచ్చే ఒక చిక్కును నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. డబ్బా కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. ప్రాసెసర్‌కు కరెంటు సర్దే వీఆర్‌ఎం భాగాలు ఆ గాలితోనే చల్లబడేవి. టవర్ కూలర్ గాలిని వెనక్కి పంపేస్తుంది. చవక బోర్డులో వాటి మీద లోహపు రెక్కలు కూడా లేవు. మొదటి వేసవిలో ఆ సెన్సారు 101 చూపించింది. వెనక ఒక ఫ్యాను, ముందు ఒక ఫ్యాను, వీఆర్‌ఎం మీద అంటించుకునే చిన్న అల్యూమినియం రెక్కలు పెట్టాక 84కు దిగింది. బడ్జెట్ బోర్డు మీద ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఊరుకోకూడదు.

దుమ్ము సంగతి మన ఊళ్లో వాళ్లకు నేను చెప్పాలా? నెలకోసారి బ్లోయరు కొడతాను, ఫ్యాను గిర్రున తిరగకుండా వేలు అడ్డు పెట్టి. ఒకసారి రెండు నెలలు వదిలేస్తే ఆరు డిగ్రీలు పెరిగింది. పేస్టును ఈ ఆరేళ్లలో రెండుసార్లు మార్చాను.

ఇక పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం మెమరీది. 3000 వేగం మెమరీ కొని, రెండు నెలలు దాన్ని 2133లోనే నడిపాను, ఎందుకంటే బయాస్‌లో (బోర్డు అమరికల మెనూలో) ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేసేవరకు అది అలాగే ఉంటుంది. ఈ రైజెన్లలో కోర్ల గుంపులను కలిపే లోపలి మార్గం కూడా మెమరీ వేగాన్ని బట్టే నడుస్తుంది. ఆన్ చేశాక ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద కదలిక వెంటనే తేలికైంది. ఆ తర్వాత మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపాను, తప్పులు లేవు.

ఈ రోజు కొత్తగా కొనేవాళ్లకు ఇదే దారి చెప్పను. ఈ బోర్డులకు వచ్చే రైజెన్లలో చాలావాటికి వేగాన్ని నిర్ణయించే గుణకం మార్చుకునేలా తెరిచే ఉంటుంది కానీ ఏ320 రకం బోర్డు మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కుదరదు. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే వారంటీ వర్తించదు. బి450 బోర్డు ఇప్పటికే ఉన్నవాళ్లు బయాస్ నవీకరించి 2022లో వచ్చిన రైజెన్ 5 5600 పెట్టుకుంటే, నా ఓవర్‌క్లాక్ మొత్తం ఇచ్చినదానికంటే ఎంతో ఎక్కువ వేగం వస్తుంది. వేడి అంతగా పెరగదు. పాత ప్రాసెసర్‌తోనే ఇంకొన్నాళ్లు నెట్టుకురావాలనుకునేవాళ్లకు మాత్రం ఈ మూడు వేలు మంచి ఖర్చు. నా వరకైతే ఆ డబ్బు మొదటి పెళ్లిళ్ల సీజన్‌లోనే తిరిగి వచ్చింది.

వేసవికొకటి, చలికాలానికొకటి వేగం, వోల్టేజీ అమరికల ప్రొఫైళ్లు రెండు పెట్టుకోమని ఒక మిత్రుడు సూచించాడు. ఒప్పుకోలేదు. ఎండలు ఒక్కోసారి ఫిబ్రవరిలోనే మొదలవుతాయి, మార్చడం మరిచిపోయిన రోజున ఎవరి ముహూర్తం రెండర్ అవుతుంటుందో. నాది ఒకే ప్రొఫైలు, అది మే నెలది. దాని అంకెలను కాగితం మీద రాసి కేబినెట్ తలుపు లోపలివైపు అంటించాను. అయిదో ఏట బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి అమరికలన్నీ చెరిగిపోయినప్పుడు ఆ కాగితమే చూసి మళ్లీ ఎక్కించాను.