మైన్‌క్రాఫ్ట్ 1.12.2కి మోడింగ్ సెటప్: మూడేళ్లు వాడాక నా మాట

మా పిన్ని కొడుకులు ఇద్దరూ మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటని ఇప్పటికీ 1.12.2లోనే ఆడతారు. 2017 సెప్టెంబరులో వచ్చిన వెర్షన్ అది. వాళ్ల దగ్గరున్న 4 జీబీ ల్యాప్‌టాప్‌లో కొత్తవి కదలవు, పైగా వాళ్లు అలవాటుపడ్డ మోడ్లన్నీ (ఆటలో కొత్తవి చేర్చే చేర్పులు) దానివే. మాది ఖమ్మం వైపు, ఆటలో గోధుమలు, క్యారెట్లు, బంగాళాదుంపలు ఉండి మిరప లేకపోవడం ఏంటన్నయ్యా అని వాళ్లు అడిగితే ఒక పంట మోడ్ రాద్దామని కూర్చున్నాను. అక్కడి నుంచి మూడేళ్లుగా ఇదే సెటప్ మీద పనిచేస్తున్నాను.

మొదటి రెండు వారాల్లో ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. ఎప్పటిదో ఒక పాత గైడ్ పట్టుకుని అందులో చెప్పినట్టే ఆట కోడ్‌ని పనికి సిద్ధం చేసే సెటప్‌డీకాంప్‌వర్క్‌స్పేస్ కమాండ్ కొడితే ప్రతిసారీ ఎర్రక్షరాలే. నా సిస్టమ్‌లో ఉన్నది కొత్త జావా (ఆట రాసిన ప్రోగ్రామింగ్ భాష ఇదే), ఈ వెర్షన్‌కి కావాల్సింది జావా 8. ఆటను లేపే లాంచ్‌రాపర్ అనే ముక్క, కోడ్ ముక్కలని లోడ్ చేసే క్లాస్‌లోడర్‌ని పాత పద్ధతిలోనే ఉంటుందనుకుని వాడుతుంది, జావా 9లో ఆ పద్ధతి మారిపోయింది, అందుకే ఆట తెర కూడా కనపడకముందే కూలిపోతుంది. జావా 8 పెట్టాక ఇంకో గోడ: ఆ గైడ్‌లోని డౌన్‌లోడ్ అడ్రసులు పనిచేయలేదు. జావా లైబ్రరీలు దొరికే జేసెంటర్ సైట్‌కి కొత్తగా ఏదీ పెట్టకుండా 2021లోనే ఆపేశారు, మోడ్లని ఆటలో నడిపించే ఫోర్జ్ ఫైళ్ల అడ్రసు కూడా మారింది. తప్పు నా కోడ్‌లో ఉందేమోనని రాత్రుళ్లు వెతికాను, కానీ అక్కడ నా కోడ్ అనేదే లేదు.

దారి చూపింది రెట్రోఫ్యూచురాగ్రేడిల్. 1.7.10 మీద నడిచే జీటీ న్యూ హొరైజన్స్ మోడ్‌ప్యాక్ బృందం, కోడ్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్ అనే సాధనం కోసం చేసిన ప్లగిన్ ఇది, 1.12.2కి కూడా పనిచేస్తుంది. గ్రేడిల్ నడవడానికి కొత్త జావా, ఆట నడవడానికి జావా 8, రెండూ ఒకే ప్రాజెక్టులో గొడవపడకుండా ఉంటాయి. క్లీన్‌రూమ్ అనే మోడర్ల బృందం వాళ్ల టెంప్లేట్ తీసుకుని, మోడ్ పేరు, ప్యాకేజీ పేరు మార్చుకుని ఇంటెల్లిజే అనే కోడ్ ఎడిటర్‌లో తెరిచాను. మొదటిసారి ఆట కోడ్ అంతా డీకంపైల్ కావాలి, అంటే మనం చదవగలిగే జావాగా మారాలి కాబట్టి చాలాసేపు పట్టింది. ఇక్కడ మెమరీ సరిపోక ఆగిపోతే గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్లో 3 జీబీ ఇవ్వండి. నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ మూసేసి ఆ పని చేయించాను. ఆ తర్వాత ఆటని నడిపే రన్‌క్లయింట్ కమాండ్ కొట్టగానే ఆట తెర వచ్చింది చూడండి, ఆ రోజు నిజంగా ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

పేర్ల సంగతి మొదట్లోనే అర్థం చేసుకోవాలి. ఆట అసలు కోడ్‌లో పేర్లు దాదాపు అన్నీ ఒకటి నుంచి మూడు అక్షరాల పిచ్చిపేర్లు. ఆట తయారుచేసిన మోజాంగ్ తన పేర్ల పట్టిక బయటపెట్టడం మొదలైంది 2019లో, అదీ 1.14.4 నుంచి. 1.12కి మనకున్నవి మోడర్లు ఏళ్ల తరబడి కూర్చుని పెట్టిన ఎంసీపీ పేర్లే. వాటిలో నేను స్టేబుల్ 39 అనే పట్టిక పెట్టుకున్నాను, మధ్యలో మార్చలేదు, మీరూ మార్చకండి.

దీంతో ముడిపడిన దెబ్బ ఒకటి గట్టిగా తగిలింది. బిల్డ్ చేస్తే లిబ్స్ ఫోల్డర్‌లో రెండు జార్‌లు (మోడ్ అంతా కట్టిన ఫైళ్లు) వస్తాయి. చివర డెవ్ అని ఉన్నది మన వర్క్‌స్పేస్ కోసం, ఇంకోటి ఆడేవాళ్ల కోసం. నేను సంక్రాంతి సెలవులకి డెవ్ జార్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. అందులో ఎంసీపీ పేర్లే ఉంటాయి, మామూలు ఆటకి ఆ పేర్లు తెలియవు, మెథడ్ లేదని చెప్పి క్రాష్. పిల్లలు ఎంత ఆశగా చూశారో, నా దగ్గర ల్యాప్‌టాప్ కూడా లేదు. అప్పటి నుంచి బిల్డ్ అయిన జార్‌ని వేరే ఫోల్డర్‌లోని మామూలు ఫోర్జ్‌లో వేసి చూడకుండా ఎవరికీ ఇవ్వడం లేదు.

మిరప మొక్క ఊదా-నలుపు గళ్లుగా కనిపిస్తే టెక్స్చర్ (మొక్క మీద పరిచే బొమ్మ) పేరు తప్పనుకుని గంటలు పోగొట్టుకోకండి. ఇంటెల్లిజే క్లాసులని ఒక చోట, బొమ్మలని ఇంకో చోట పెట్టడం వల్ల కూడా అలా వస్తుంది, బిల్డ్ ఫైల్లో ఇన్‌హెరిట్‌అవుట్‌పుట్‌డిర్స్ ట్రూ అని పెడితే పోతుంది. ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉండాలి, అది కూడా చూసుకోండి. పంట వరకూ అయితే పని తేలిక, బ్లాక్‌క్రాప్స్ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేస్తే 0 నుంచి 7 దాకా ఎదుగుదల దానంతటదే వస్తుంది, విత్తనం ఏది, కాయ ఏది అని చెబితే చాలు.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది. ఆటలో కనపడే పేర్లు రాసే లాంగ్ ఫైల్లో 'మిర్చి' అని రాస్తే ఆటలో అక్షరాలు విడివిడిగా పడతాయి, ఒత్తు కిందికి చేరదు. ఈ వెర్షన్ ఫాంట్ ఒక్కో అక్షరాన్ని విడిగా గీస్తుంది, మన లిపి అలా కుదరదు. ఒత్తు లేని 'మిరప' పెడితే కొంత నయం. ప్రస్తుతానికి పేరునే బొమ్మగా గీసి పెట్టే ప్రయత్నంలో ఉన్నాను.

అన్నీ కుదిరిన రోజే గ్రేడిల్ డౌన్‌లోడ్ చేసుకున్నవన్నీ దాచుకునే క్యాష్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. నాకు నెట్ లేనప్పుడు ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో పని ఆగకుండా సాగింది దానివల్లే, పోయిన ఏడాది హార్డ్ డిస్క్ పోయినప్పుడు ఒక్క సాయంత్రంలో మళ్లీ మొక్కల దగ్గరికి వచ్చిందీ దానివల్లే. వచ్చే నెల కళ్లంలో మిర్చి ఆరబెట్టే బ్లాక్ రాయాలి, చిన్నోడు రంగులు ఇప్పటికే గీసి పంపాడు.